చెవిలో చెప్పిన నాటకం

“పిల్లలూ, నా చిట్టి చేపపిల్లలూ!” అని స్టేజీ మీద కామమ్మ నోరు విప్పీ విప్పగానే అసిరమ్మ ముఖం చిట్లించుకుంది. బెల్లప్పాకంలో పడి రెక్కలు కొట్టుకుంటున్న ఈగలాంటి గొంతు. అది తన గొంతట. చేపపిల్లలట. రేవు అవతల హోప్ టౌన్ బడిలో అన్నేళ్ళు పంతులమ్మగా చేసి ఏ ఒక్క పిల్లనీ తను చేపపిల్ల అనలేదు. ముక్కు చీదుకుని రారా అంది, పేలు చూపించుకోవే మీ అమ్మకి అంది, పలక నాకితే నాలిక కోస్తానంది. చేపపిల్లంటే ఏమిటో ఆ పిల్లలకి తనకన్నా బాగా తెలుసు. ఎండబెట్టడానికి కూడా పనికిరాదని వల దులిపి ఒడ్డున పారేసేది, కాకులు సగం తిని వదిలేసేది. ఆ మాట నిజంగా అని ఉంటే పిల్లలే పడీ పడీ నవ్వేవారు. ఇక్కడ పోర్ట్ బ్లెయిర్ బతు బస్తీ తెలుగు సంఘం హాల్లో మాత్రం ఎవరూ నవ్వలేదు. వెనక వరసల్లో ఎవరో ఆడమనిషి “అయ్యో తల్లీ” అని నిట్టూర్చింది కూడా, ఇంకా ఏమీ జరగకముందే.

మెడ దురద పెడుతోంది. తనకు వేసిన దండ గంధపు చెక్కదని, మెయిన్‌లాండ్ నుంచి ఓడలో తెప్పించామని సంఘం సెక్రటరీ బంగారురాజు మైకులో మళ్ళీ మళ్ళీ చెప్పాడు గాని అందులోంచి వస్తున్నది వార్నిష్ కంపు. తీసి ఒళ్ళో పెట్టుకుందామంటే ఫొటోలు తీసే మనిషి ఇటే చూస్తున్నాడు. ఎడంపక్కన ముఖ్య అతిథి, ఎవరో పెద్ద ఆఫీసరు, తెలుగు ముక్క రాదు, ఆవలింతలు మింగుతూ కూర్చున్నాడు. ఆయన కాళ్ళ దగ్గర్నుంచి తడిసిన బూట్ల వాసన. పైన రేకుల మీద వాన. జల్లు కొడుతోందని కిటికీలన్నీ మూసేస్తే, తడి గొడుగులూ కొబ్బరినూనే సెంటూ, ఎవరి సంచిలోనో ఉన్న ఎండు నెత్తళ్ళూ అన్నీ కలిసి ఒకే ముద్దగా ముక్కుకి తగులుతున్నాయి. కుడిపక్కన మొగుడు జోగులు. లాంచీ నడిపే సరంగుగా ఇంజను పక్కన నిలబడి నిలబడి చెవులు పోగొట్టుకున్నవాడు. ఒక చెవిలో ఇంకా కాస్త ప్రాణం ఉంది. దాన్ని ఆమె వైపు వంచి, తెల్లచొక్కా గుండీలు గొంతుదాకా పెట్టుకుని, పెళ్ళిపందిట్లో వియ్యంకుడిలా కూర్చున్నాడు.

“ఏటంతందే?” అన్నాడు, తనకు వినపడకపోతే లోకానికీ వినపడదనుకునే చెవిటివాళ్ళ గొంతుతో.

“పిల్లల్ని పిలుత్తంది.”

“ఆ పిలిసేది నువ్వేనా?”

“నేనేనట.”

జోగులు సంతోషంగా తలూపాడు. అతనికి అంతా బాగానే ఉంది. పెళ్ళాం బతికుండగానే పెళ్ళాం మీద నాటకం ఆడుతున్నారు, ఒక్క మనిషే అన్ని వేషాలూ వేసే నాటకం, దీవుల్లో ఇలాంటిది ఎన్నడూ జరగలేదు, వచ్చే నెల విశాఖపట్నంలో కూడా ఆడతారు. ఇంక కావలసిందేముంది? స్టేజీ వెనక గుడ్డ మీద ‘దీవుల తల్లి’ అని రాయించారు. ‘ల్లి’కి ఒత్తు తప్పిపోయింది, ‘దీవుల తలి’ అని ఉంది. ఆ ఒక్క తప్పే ఆమెకు కాస్త నచ్చింది. బతికుండగానే మనిషి మీద నాటకమంటే పాడె కట్టి పడుకోబెట్టి, లేవకు, కదలకు, ఏడవనీ మమ్మల్ని, అన్నట్టు ఉంటుందని ఆమె అనుకోలేదు. అనుకోవలసింది. బంగారురాజు ఇనుప సామాన్ల దుకాణం కట్టేసి, లాంచీలో రేవు దాటి ఇంటికొచ్చి, “టీచరమ్మా, మీ కహానీలు చదివి మెయిన్‌లాండోళ్ళు ఎవరీవిడ అని అడుగుతన్నారు, దిఖా దేంగే, చూపించేద్దాం మనమేటో” అన్నప్పుడే అనుకోవలసింది. అతను తన కథ ఒక్కటీ చదవలేదని అతని ముఖంలోనే ఉంది. అతనికి తెలుగు చదవడం సరిగా రాదు, పాపం, ఇక్కడ పుట్టిన పిల్లల్లో చాలామందికి రాదు. అది తప్పు కాదు. చదవని దాని మీద కన్నీళ్ళు పెట్టుకోవడమే రోత.

స్టేజీ మీద ఓడ వచ్చింది. కామమ్మ ఒక రేకుపెట్టె పట్టుకుని దిగి, మోకాళ్ళ మీద కూలబడి, చెక్కబల్లల్ని ముద్దుపెట్టుకుని, “ఓ నా కొత్త పుడమితల్లీ” అంది. అసిరమ్మ కళ్ళు మూసుకుంది. మూసుకుంటే ఓడ వాసన వచ్చింది, అసలు ఓడది. అడుగు అంతస్తులో వరసగా పరుపులు, వాటి మధ్య బకెట్లు, ఒకరు కక్కితే ఆ శబ్దానికి పక్కవాళ్ళు కక్కడం, భీమిలి వైపు నుంచీ కళింగపట్నం వైపు నుంచీ బయల్దేరిన పల్లెవాళ్ళు పుట్టినప్పటినుంచీ సముద్రం మీద బతికినవాళ్ళే గాని, ఆ ఇనప కడుపులో గాలి లేకుండా పడుకోవడం ఎవరికీ అలవాటు లేదు. కొత్త పెళ్ళికూతురు తను. పెళ్ళిచీర ముందంతా కక్కుకుంది. జోగులు తన తువ్వాలు తడిపి తుడుస్తూ తనూ కక్కాడు. పోర్ట్ బ్లెయిర్ జెట్టీలో దిగిన రోజు కూడా వాన. చెప్పులు ఓడలోనే పోయాయి. ఉత్త కాలితో దిగి నాలుగడుగులు వేసిందో లేదో కాలికింద ఏదో పటుక్కుమని చిట్లి, మెత్తగా, చల్లగా, వేళ్ళ సందుల్లోకి జారింది. చూస్తే పిడికిలంత నత్త. యుద్ధమప్పుడు జపానువాళ్ళు తెచ్చి వదిలారని తర్వాత చెప్పారు. చుట్టూ చూస్తే గోడల మీద, అరటి బోదెల మీద, ఆరేసిన లుంగీల మీద అవే, వందలు, తొందరేమీ లేకుండా పాకుతూ. ఆ జిగురు కాలికి ఎన్ని రోజులు కడిగినా ఉన్నట్టే అనిపించేది. ఆ నేలనట, పుడమితల్లీ అని ముద్దుపెట్టుకుందట.

అదంతా తను కామమ్మకు చెప్పింది. అదే మంట. ఆదివారాలు కామమ్మ లాంచీలో రేవు దాటి వచ్చేది, హార్బర్ ఆఫీసులో టైపు కొట్టే పిల్ల, ఒకప్పుడు తన దగ్గరే అఆలు దిద్దిన పిల్ల. దిద్దినవి మర్చిపోయి ఇప్పుడు తెలుగు మాటలు హిందీ అక్షరాల్లో రాసుకునేది. పీతల కూర అన్నం మొత్తం ఊడ్చుకు తిని, చేతులు కడుక్కోకుండానే “ఫిర్ ఏమయింది టీచరమ్మా, ఏక్‌దమ్ నిజం చెప్పాల” అనేది. తను చెప్పింది. ఇన్నేళ్ళలో అలా ఎవరూ అడగలేదు. ‘మీకు స్ఫూర్తి ఎవరు’ అని అడిగినవాళ్ళున్నారు గాని ‘కక్కినప్పుడు చీరేం చేశావు’ అని అడిగిన మనిషి లేదు. ఆ పిల్ల అడిగింది. అందుకే అన్నీ చెప్పింది. మొగుడికి కూడా చెప్పనిది చెప్పింది. ఆ సంగతి గుర్తొచ్చి కుర్చీలో ఒకసారి కదిలింది. దానిదాకా ఇంకా రాలేదు నాటకం.

ఇప్పుడు బడి. కామమ్మ గాలిలో పిల్లల తలలు నిమురుతోంది. “ఆ అమాయకపు కళ్ళల్లోకి చూశాను, కథ పుట్టింది” అంటోంది. కథ కళ్ళల్లోంచి పుట్టలేదు. కోపంలోంచి పుట్టింది. మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన వాచకంలో రైలుబండి పాఠం. ఈ దీవుల్లో రైలు లేదు, పట్టా లేదు, ఆ పిల్లల్లో ఎవరూ రైలు చూడలేదు. రైలంటే నేల మీద నడిచే పొడుగాటి లాంచీ అని తను చెబితే, మరి దాన్ని జెట్టీకి ఎలా కడతారని పిల్లలు అడిగారు. సంక్రాంతి ముగ్గుల పాఠం, పాడి ఆవు పాఠం, రాజుగారి మామిడితోట పాఠం. ఎవరి బతుకో ఉడికించి చల్లార్చి వీళ్ళ నోట్లో కుక్కుతున్నట్టు ఉండేది. ఆ వానాకాలం బడి పెట్టెలో ఉన్న వాచకాల మీద నత్తలెక్కి అట్టలూ కాగితాలూ తినేశాయి. సరిగ్గా రైలు పాఠం దగ్గర ఇంజనూ రెండు పెట్టెలూ పోయాయి. దాన్ని చూసి తను కడుపారా నవ్వింది. ఆ మర్నాడే క్లాసులో ‘రైలుని తిన్న నత్త’ చెప్పింది. నత్త ఇంజను తిని పొగ వదులుతుంది, స్టేషను మాస్టారిని తిని పచ్చజెండా విసర్జిస్తుంది. అంతే కథ. పిల్లలు నవ్వి నవ్వి బల్లలు విరగ్గొట్టారు. విశాఖపట్నంలో పిల్లల పత్రికకు పంపితే అచ్చువేశారు గాని, చివర ఎడిటరు తన సొంతంగా ఒక వాక్యం అంటించాడు, ‘కాబట్టి పిల్లలూ, పుస్తకాలను భద్రంగా దాచుకోవాలి’ అని. అది చదివినప్పుడు అన్నంలో వెంట్రుక వచ్చినట్టయింది. ఇప్పుడు స్టేజీ మీద కామమ్మ, ఖర్మ, ఆ వాక్యంతో సహా చదువుతోంది. చప్పట్లు.

ఉన్నట్టుండి కామమ్మ పైట నడుముకు చుట్టి, తలకు తువ్వాలు కట్టి, తూలుతూ స్టేజీకి ఇటు చివర నుంచి అటు చివరకు నడిచింది. చేతిలో సీసా. “ఏమే! రాతలూ గీతలూ అంటా కూకుంటే కూడెవత్తి వండుద్దే!” హాలంతా గొల్లుమంది. ఆఫీసరు కూడా లేచి కూర్చుని నవ్వాడు. తాగుబోతుకి తర్జుమా అక్కర్లేదు. అసిరమ్మకు ముందు అర్థం కాలేదు ఎవరీ మనిషని. అర్థమయ్యాక తల దించుకుంది.

“ఎవులే ఈడు?” జోగులు ముందుకు వంగాడు. “నేనేనేటి?”

ఆమె అతని ముఖం చూసింది. గడ్డం గీసుకున్నచోట చిన్న గాటు, దాని మీద అంటించుకున్న కాగితం ముక్క. ఈ మనిషి సారా ముట్టడని కాదు. గంగమ్మ పండగకి ముట్టేవాడు, ముట్టి పాటలు పాడి నిద్రపోయేవాడు. చెయ్యెత్తిన మనిషి మాత్రం కాదు. తను రాసినదల్లా మొదట విన్నది ఇతనే, చుట్ట ఆరిపోయిందని కూడా చూసుకోకుండా విన్నాడు. అతనికి చదవడం రాదు గనక రాసే పెళ్ళాం అంటే ఏదో యంత్రం నడిపే మనిషిని చూసినట్టు చూసేవాడు.

“నువ్వే,” అంది చెవిలో. “వల బాగుసేత్తన్నావు.”

“మరి తూలతందేటి?”

“పడవలో ఉన్నావు.”

“అద్గదీ,” అన్నాడు జోగులు తృప్తిగా. “ఆ సీసా ఏటి?”

“కిరసనాయిలు. లాంతరుకి.”

“బాగా సేత్తంది గుంట. కెరటం మీద అలాగే ఉంతాది నడక.”

అతను చప్పట్లు కొట్టాడు. తనని తాగుబోతుని చేసినందుకు, అందరికన్నా గట్టిగా. అసిరమ్మకు ఆ చప్పట్లు ఒక్కొక్కటీ తన చెంప మీద పడ్డట్టయింది. కామమ్మ మీద రోత, బంగారురాజు మీద రోత, పళ్ళికిలిస్తున్న ఈ హాలు మీద రోత, ఇంత తేలిగ్గా అబద్ధమాడిన తన నోటి మీద రోత. ఇదే కదా వీళ్ళూ చేస్తున్నది, మింగుడుపడని దాన్ని పంచదారలో దొర్లించి ఇవ్వడం. లేచి వెళ్ళిపోదామనుకుంది. లేస్తే జోగులు ‘ఏటయింది?’ అని హాలంతా వినపడేలా అడుగుతాడు. ఏమని చెప్పాలి? కూర్చుంది. వార్నిష్ దండ కింద చెమట గుండెల మీదకి జారింది.

తర్వాత దీపాలు తగ్గించారు. హార్మోనియం మొదలైంది. అసిరమ్మకు ముందే తెలిసిపోయింది, ఏం రాబోతోందో. కామమ్మ తెర వెనక్కి వెళ్ళి వచ్చింది, చేతుల్లో తెల్ల టవలు చుట్టిన ఒక మూట. మూటను ఊపుతోంది. “సీతాలూ, నా బంగారుతల్లీ, కళ్ళు తెరువమ్మా.” తర్వాత సన్నని గొంతు, చిన్నపిల్ల గొంతు, తేనె కారుతున్న గొంతు, “అమ్మా, నాకో కథ చెప్పవా? ఆఖరి కథ.”

సీతాలు అలా మాట్లాడలేదు. పుట్టిన దగ్గర్నుంచీ ఎప్పుడూ అలా మాట్లాడలేదు. సీతాలుకి తల్లి కథలంటే చిరాకు, మధ్యలో “ఒల్లకోయే, సాల్లే” అని లేచిపోయేది. జెట్టీ దగ్గర కూలీల నోట నేర్చుకున్న బూతులన్నీ వచ్చు దానికి, తెలుగులో, హిందీలో, రాంచీవాళ్ళ మాటలో. ఎండబెట్టిన నెత్తళ్ళు దొంగిలించి, పిల్లి తినేసిందని ప్రమాణం చేసేది, పిల్లి లేని ఇంట్లో. నల్లగా, బొడ్డు ముందుకొచ్చి, ఎప్పుడూ మోకాలి మీద ఒక పుండుతో. దాన్ని ఈ తెల్ల టవల్లో చుట్టి ఊపుతున్నారు. ఆషాఢం గాలులప్పుడు దానికి జ్వరం తలకెక్కింది. ఆసుపత్రి రేవుకి అవతల. లాంచీలన్నీ ఆపేశారు. జోగులు పక్కింటివాళ్ళ డోంగీ నీళ్ళలోకి తోసి, తన వానకోటు విప్పి పిల్లకు చుట్టి ఇచ్చి, పైన ఇంకేమీ లేకుండా తెడ్డు పట్టుకున్నాడు. తను పిల్లని ఒళ్ళో పెట్టుకుని ఒక చేత్తో నీళ్ళు తోడి పోసింది. నడిమధ్యలో ఒక కెరటం మీదపడి ముగ్గుర్నీ తడిపింది. అప్పుడు సీతాలు కళ్ళు తెరిచి, సముద్రాన్ని చూసి, “దీని కడుపు మాడ” అంది. అదే ఆఖరి మాట. ఆ తర్వాత ఒళ్ళోని బరువు మారింది. తనకు తెలిసింది. తెడ్డు ఒక్కసారి ఆగింది గనక అతనికీ తెలిసింది. మళ్ళీ వేశాడు తెడ్డు. ఒడ్డు చేరేదాకా తను నీళ్ళు తోడుతూనే ఉంది, అతను తెడ్డు వేస్తూనే ఉన్నాడు, ఆసుపత్రికి తీసుకెళ్ళవలసిన పిల్ల ఇంకా ఉన్నట్టే.

స్టేజీ మీద తల్లి ఒక్కతే ఉంది. తండ్రి సారా కొట్లో ఉన్నాడట.

కామమ్మకు చెప్పింది తను, డోంగీ సంగతి. చెప్పి ఆగకుండా తర్వాతదీ చెప్పింది. పిల్ల పోయాక పిల్లలంటే అసహ్యం పుట్టింది. అందరి పిల్లలూ. బడిలోకి అడుగుపెడితే ఆ వాసన, తలల నూనే చీమిడీ పలకల మీది ఉమ్మీ, ముక్కు మూసుకుని పాఠం చెప్పేది. ఒకొక్కదాన్ని చూస్తే, ఇది ఎందుకుంది అనిపించేది. ఏ పిల్లయినా వచ్చి కొంగు పట్టుకుంటే విదిలించేది, తర్వాత ఆ కొంగు సబ్బుతో ఉతికేది. ఒక్క ముక్క రాయలేదు. రాతంటేనే వెలపరం. అలా ఎన్నాళ్ళో. ఒకరోజు కొత్తగా వచ్చిన టీచరు ఒకామె ప్రార్థనలో పిల్లలకి చెప్పింది, మన టీచరమ్మగారి పాప ఆకాశంలో నక్షత్రమైందని, రోజూ మనల్ని చూసి నవ్వుతుందని. పిల్లలు చేతులు కట్టుకుని బుద్ధిగా తలలూపారు. ఒళ్ళు మండిపోయింది అసిరమ్మకి. నక్షత్రమా? అదా? ఆ కోపంతో క్లాసులోకి వెళ్ళి నిలబడి అప్పటికప్పుడు ఒక కథ చెప్పింది. ఒడ్డున పీత చచ్చిపోయింది. మిగతా పీతలు వచ్చి చూశాయి. అది లేవలేదు. ఎంతసేపు చూసినా లేవలేదు. మిగతా పీతలకి ఆకలేసింది. చచ్చినదాన్ని తినేశాయి. డిప్ప మిగిలింది. ఆ డిప్పలోకి నీళ్ళు వచ్చాయి, పోయాయి. పిల్లలు ఊపిరి బిగబట్టి విన్నారు. అయిపోయాక ఎవరో, “మళ్ళీ సెప్పు టీచరమ్మా” అన్నారు. మళ్ళీ చెప్పింది. మర్నాడూ అడిగారు. ఆ ముఖాల మీద బుద్ధిగా తలూపిన ముఖం ఒక్కటీ లేదు. ఆ రోజు నుంచే మళ్ళీ పిల్లల వైపు ముఖం తిప్పి చూడగలిగింది. రాసి పంపితే ఎడిటరు ఆ కథ తిప్పి పంపాడు, లేత మనసులు తట్టుకోలేవని. తను రాసినవాటిల్లో నిలబడేది అదొక్కటే.

స్టేజీ మీద కామమ్మ మూటను నేల మీద పడుకోబెట్టి, లేచి, రెండు చేతులూ చాచింది. దీపం ముఖం మీద పడింది. “నా బిడ్డ పోయింది. కానీ ఈ రోజు నుంచి ఈ దీవుల్లో ప్రతి బిడ్డా నా బిడ్డే!” హార్మోనియం ఏడ్చింది. ఆడవాళ్ళు బాహాటంగా ఏడుస్తున్నారు. చీదుతున్న శబ్దాలు, తడి ముక్కుల శబ్దాలు చుట్టుముట్టాయి. అసిరమ్మకు నోట్లో పుల్లటి నీళ్ళు ఊరాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని ఫొటోల మనిషి దగ్గరికొచ్చి మెరుపు మెరిపించాడు.

జోగులు నవ్వు ఆగిపోయింది. అతని చూపు నేల మీది మూట మీద ఉంది.

“అది మన గుంటేనా?”

“ఊఁ.”

“ఏటంతందిప్పుడు?”

వల బాగుచేస్తున్నావని చెప్పిన నోరే. కెరటం, కిరసనాయిలు అని చెప్పిన నోరే. ఇంకొక తియ్యటి ముక్క చెప్పడానికి ఏమంత కష్టం? అందరి పిల్లలూ మన పిల్లలేనంటోంది మావా, అంటే చాలు, అతనూ కళ్ళు తుడుచుకుంటాడు. నోరు తెరిచింది. రాలేదు. బదులుగా ఇంకేదో వచ్చింది, కడుపులోంచి, కక్కు వచ్చినట్టే, ఆపుకోలేకుండా.

“పిల్ల పోయినాక ఏ పిల్లా నాకు గిట్టనేదు అంతంది,” అంది అతని చెవిలో. “పరాయి పిల్లల్ని చూత్తే రోత పుట్టినాదంట. ఈళ్ళంతా ఉండి నాదెందుకు పోవాలని. ఈళ్ళలో ఒకర్ని తీసుకుని దాన్నిచ్చేయమని మొక్కుకున్నాదంట. బడిలో నిలబడి, రోజూ, పాఠం చెప్తా చెప్తానే. మొగుడికి చెప్పనేదంట. చెప్తే ఆ మడిసి నన్ను ఇంట్లో ఉండనిస్తాడా అని చెప్పనేదంట.”

వాన రేకుల మీద రాళ్ళు దొర్లించినట్టు పడుతోంది. చప్పట్లు మొదలయ్యాయి. జోగులు, గొంతు తగ్గించడం ఎన్నడూ తెలియని మనిషి, ఆమె చెవి దగ్గరికి తనే వంగాడు.

“నాకూ అంతేనే,” అన్నాడు.

“ఏటి?”

“పొద్దుటేల లాంచీ నిండా ఇస్కూలు గుంటలే గదా. జెట్టీకాడ అరుసుకుంటా ఎక్కేవోరు. ఆ అరుపు ఇంటే నా నెత్తి పగిలిపోయేది. ఒకనాడు సుక్కాను పట్టుకుని, రేవుకాడ రాళ్ళ మీదకి ఎక్కించేద్దునా అనిపించీసినాది. సెయ్యి తిరిగిపోనాది కూడాను. మళ్ళీ తిప్పుకున్నాను. ఆ సాయంత్రమే ఆఫీసుకెల్లి, సరుకు బోటుకి మార్చీయండి బాబూ అని కాళ్ళట్టుకున్నాను.”

సరుకు బోటు. ఇంజను డ్రైవరుతో తగువాడి మారానని చెప్పాడు అప్పుడు. తను నమ్మింది. ఒకే చాప మీద, ఒకరికొకరు వీపు తిప్పి, ఒకే రోతను చెరొక వైపూ దాచుకుని ఇన్నేళ్ళు. ఆమె అతని చేతి మీద చెయ్యి వేసింది. గరుకు చెయ్యి. ఓదార్పుగా ఏమీ అనిపించలేదు. పుండు కోసి చీము తీసినప్పుడు ఉండే మంటా, తేలికా.

మైకులో బంగారురాజు గొంతు. దీపాలన్నీ వెలిగాయి. చేపల వేషాలు కట్టిన చిన్నపిల్లల్ని స్టేజీ మీదకి తోలారు, అట్టముక్కల రెక్కలు, ముఖాన వెండిరంగు. ఒకడు నిలబడే నిద్రపోతున్నాడు. “మన దీవుల తల్లి ఇప్పుడు తన బిడ్డలతో! ఆయియే టీచరమ్మా, ఆయియే!” అసిరమ్మ లేచింది. దండ తీసి కుర్చీ మీద పడేసింది. మెట్లెక్కుతుంటే వెనకాలే జోగులూ లేచి వచ్చాడు, ఎవరూ పిలవకుండా. పిల్లలు రంగు వల్ల ముఖాలు గోక్కుంటున్నారు. “ఎవరు పూసినారర్రా ఇది? పొండి, కడుక్కుని ఇళ్ళకి పొండి,” అంది. మైకు పట్టేసుకుంది ఆ మాటని. పిల్లలు ఒక్క ఉదుటున చెల్లాచెదరయ్యారు. ఫొటోల మనిషి నోరు తెరిచాడు.

కామమ్మ వచ్చి కాళ్ళకి దణ్ణం పెట్టింది. ముఖం మీద పౌడరు చారలు చారలుగా కారింది, చంకలో మూట. “బాగుందా టీచరమ్మా?”

“బాగులేదే.”

ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. బంగారురాజు గబగబా మైకు కట్టేశాడు.

“నీకు డోంగీ సంగతి చెప్పాను. ఎవరు తెడ్డేసినారో చెప్పాను.”

“ఒక్కదాన్నే గదా టీచరమ్మా స్టేజీ మీద. మావయ్యని ఎక్కడ పెట్టాల? రాజు భయ్యా అన్నాడు చేతికి దారూ సీసా పట్టించేద్దాం, పబ్లిక్ నవ్వుద్దని.” కామమ్మ గొంతులో ఇప్పుడు తేనె లేదు, హార్బర్ ఆఫీసు పిల్ల గొంతు. “ఆ పిల్లలంటే రోతన్న మాట కూడా నేను రాశాను. కసమ్ సే, ఒట్టు. మొదట అదే రాశాను. భయ్యా కొట్టేశాడు.”

“కొట్టేస్తాను మరి!” అన్నాడు బంగారురాజు. “అమ్మలు కూచుంటారు హాల్లో. పిల్లల రచయిత్రికి పిల్లలంటే రోతంటే మొహం మీద ఉమ్మేస్తారు.”

“ఉమ్మనీ,” అంది అసిరమ్మ. “తుడుచుకోవడం రాదేటి? చూడు కామమ్మా. నా గురించి ఏ అబద్ధమైనా చెప్పుకో. ఆ ముద్దులూ పుడమితల్లీ నీ ఇష్టం. ఈ మడిసికి సీసా ఇవ్వకు. ఆ గుంట నోట కథ చెప్పమని అనిపించకు. నువ్వు రాసిన మాట నువ్వు చెప్పు. చెప్పలేకపోతే నా పేరు తీసేసి ఆడుకో.”

“విశాఖలో చెబితే…” కామమ్మ బంగారురాజు వైపు చూసింది. తర్వాత చూడటం మానేసింది. మోచేత్తో బుగ్గ మీది రంగు తుడిచింది, ఇంకా అలుముకుంది. “చెప్తాను,” అంది. “మావయ్య తెడ్డెలా వేశాడో చూపించాల నాకు. ఆదివారం వస్తాను.”

జోగులుకి ఇదంతా ఎంత వినపడిందో తెలియదు. అతను కామమ్మ చంకలోని మూటకేసి చెయ్యి చాచాడు. ఆ పిల్ల బిత్తరపోయి ఇచ్చింది. రెండు చేతులతో అందుకున్నాడు. బరువు చూస్తున్నట్టు ఒక్క క్షణం పట్టుకున్నాడు. తర్వాత ముడి విప్పాడు. లోపల్నుంచి హిందీ పేపరు ఉండలూ గుప్పెడు కొబ్బరిపీచూ కింద పడ్డాయి. అతను టవలుని బాగా దులిపాడు, వల దులిపినట్టు, రెండు చివరలూ పట్టుకుని, పీచు పోయేదాకా. అసిరమ్మకు ఇచ్చాడు.

“లాంచీ ఎల్లిపోద్ది. వాన పడతంది, నెత్తి మీదేసుకో,” అన్నాడు, హాలంతా వినపడేలా.

టవలు పౌడరు కంపు కొడుతోంది. అసిరమ్మ ముక్కు చిట్లించి, దాన్నే నెత్తి మీద కప్పుకుని, మొగుడి వెనక వానలోకి దిగింది.